రెండు జెండా గద్దెల నడిమి జాగ

మా ఊరు పంచాయతీ పోయి మున్సిపాలిటీ అయిన కొత్తల ముచ్చట ఇది. అంతకు ముందు ఇబ్రహీంపట్నం అంటే సాగర్ రోడ్డు మీద బస్సులు ఆగే ఊరు, పెద్ద చెరువున్న ఊరు, చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలున్న ఊరు. తర్వాత అవుటర్ రింగు రోడ్డు వచ్చింది. ఆదిబట్ల దిక్కు కంపెనీలొచ్చినయి. జొన్నలేసే చెల్కలల్ల తెల్లరంగేసిన ప్లాట్ల రాళ్లు మొలిచినయి. ఏ హోటల్ల చాయ్ తాగనీకి కూసున్నా పక్క బల్ల కాడ గజం ఎంతకు పోయిందన్న ముచ్చటే. నేను డిగ్రీ అయిపోంగనే రావిర్యాల దిక్కు ఒక కంపెనీ స్టోర్స్‌ల పనికి చేరిన. పొద్దుగాల కంపెనీ బస్సుల పోయేది, సాయంత్రం వచ్చేది. ఊరూ నేనూ ఒక్కతీరే పెద్దగైతున్నమని అనిపించేది నాకు.

మా ఇల్లు పాత ఊర్ల. ఒకటే వాకిలి, రెండిండ్లు. ఒకదాంట్ల బాపు, అమ్మ, నేను. రెండోదాంట్ల మా సిన్నబాపు, సిన్నమ్మ. బాపు, సిన్నబాపు సొంత అన్నదమ్ములే గని, వాళ్ల నడుమ ఏండ్ల సంది మాటల్లేవు. భూముల పంచాది కాదు, పాలోళ్ల పగ కాదు. పార్టీలు. బాపుది ఒక పార్టీ, సిన్నబాపుది ఇంకొక పార్టీ. ఆ పార్టీల పేర్లు నేను చెప్ప. చెప్తే మా ఇంట్ల ఇప్పటికీ ఎవరో ఒకరు అన్నం కాడి నుంచి లేస్తరు.

మాటల్లేకున్నా ఒకటే వాకిట్ల బతకాలంటే ఎట్లనో ఒకట్ల చెప్పుకోవాలె గదా. మాకు ఒక బర్రె ఉండె. ఇద్దరికీ సగం సగం. బాపు దాని దిక్కు చూసుకుంట, "మోటరు బందు చెయ్యాలెనని కొందరికి సోయుండదు" అంటడు. సిన్నబాపు గూడ అదే బర్రె వీపు నిమురుకుంట, "బందు చేసేటోళ్లు చేస్తరు, కొందరికి తొందరెక్కువ" అంటడు. బర్రె ఇద్దరి మాటా విని నెమరేసుకునేది. అమ్మ, సిన్నమ్మ మాత్రం ఒక్క గిన్నెల తిన్నోళ్లు. మామిడికాయ తొక్కు పెడితే ఒకటే జాడీ. పండుగొస్తే ఒకే దుకాణంల ఒక్కతీరు చీరలు. మొగోళ్ల మౌనం వాళ్లకు వానాకాలం బురద లెక్క. కొంగు జర పైకెత్తుకొని దాటి పోయేటోళ్లు.

మున్సిపాలిటీ ఎన్నికలు వస్తున్నయనంగనే అన్నదమ్ములిద్దరూ తెల్లబట్టలు ఇస్త్రీకి వేసిండ్రు. చౌరస్తల బాపు ఫ్లెక్సీ ఒక దిక్కు, సిన్నబాపు ఫ్లెక్సీ ఇంకో దిక్కు లేసినయి. ఇద్దరూ చేతులు జోడించి ఒకరినొకరు చూసుకుంట నవ్వుతున్నట్టే ఉండె ఆ బొమ్మలు. ఇంట్ల లేని చూపులు చౌరస్తల కలిసినయని అమ్మ నవ్వేది.

తర్వాత రిజర్వేషన్లు చెప్పిండ్రు. మా వార్డు మహిళకు పోయింది.

ఆ పొద్దు బాపు ఇంటికొచ్చి మంచంల కూసొని శానసేపు పైకప్పు దిక్కే చూసిండు. తర్వాత అమ్మను పిలిచిండు.

"ఏమే, రేపు ఒక సంతకం పెట్టేదుంది."

"దేనికి?"

"నామినేషన్‌కు."

"నాకేం ఎరుక గవన్నీ?"

"నీకెరుక ఉండాల్సిన పనిలేదు. నేనున్న గదా. నువ్వు దండం పెట్టుకుంట నడువు, చాలు."

మర్నాడు పొద్దుగాల నల్ల కాడ సిన్నమ్మ బిందె పెట్టి, అమ్మ దిక్కు చూసి మెల్లగ అడిగింది. "అక్కా, నిన్న నీగ్గూడ సంతకమే చెప్పిండా బావ?"

అమ్మకు ముందు అర్థం గాలే. అయినంక ఇద్దరూ నల్ల కట్ట మీద కూసొని కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండ్రు. బిందె నిండి కారుతున్నా ఎవ్వరికీ పట్టలే. నేను బ్రష్ నోట్ల పెట్టుకొని చూస్తున్న. ఒక్క వాకిట్ల నుంచి ఇద్దరు కాండిడేట్లు, ఒకరికొకరు పోటీ. గది మా వార్డు బాగోతం.

నామినేషన్ నాడు రెండు ఊరేగింపులు పోయినయి. డప్పులు, బైకులు, కండువాలు. ఆఫీసుకాడికి పోయినంక లోపటికి కాండిడేట్లనే రానిస్తమన్నరు. జర కూసోమంటే ఇద్దరూ ఒకటే బెంచీ మీద కూసున్నరట. బోనాలకు కొనుక్కున్న ఒకటే తీరు చీరలు కట్టుకున్నరు ఇద్దరూ, చెప్పుకోకుండనే. అక్కడి సారు అద్దాలు పైకెత్తి చూసి, "మీరిద్దరు ఒకే పార్టీయా అమ్మా?" అని అడిగిండట. "పార్టీ వేరు సార్, వాకిలి ఒక్కటే" అన్నదట సిన్నమ్మ.

నేను కంపెనీల లీవు పెట్టిన. అమ్మ ఎంబడి ప్రచారానికి తిరగాలె గదా. మొదటి రోజు అమ్మ మొగోళ్ల ఎనక, తలమీద కొంగేసుకొని నడిచింది. బాపు ముందు నడుచుకుంట, "మీ ఆడబిడ్డ, మీ ఓటు" అని చెప్తుండె. అమ్మ నోరు తెరవలే. రెండో నాడు ఒక ముసలమ్మ అమ్మ చెయ్యి పట్టుకొని, "నువ్వు మాట్లాడు బిడ్డా, నీ పెనిమిటి మాట మేమెప్పుడు వింటనే ఉన్నం" అన్నది. ఆ మాట అమ్మకు ఎట్ల తాకిందో ఏమో గని, ఇంగ ఎనక నడవలే. చెప్పులు విడిచి ఇంట్లకు పోయేది, వంటింటిదాకా పోయేది, పొయ్యి మీద ఏముందో అడిగేది. పొద్దు గూకేసరికి బాపు కాళ్లు నొస్తున్నయని కట్ట మీద కూసున్నా అమ్మ ఇంకో గల్లీ తిరుగుతుండె. పెండ్లయిన నాటి నుంచి ఇల్లు, చేను, చుట్టాల ఇండ్లు తప్ప తిరగని మనిషి. ఇప్పుడు ఒక్కొక్క గడపల కాలు పెడుతుంటే ఆమె మొకం జాతరల పిల్ల మొకం లెక్క వెలిగేది.

మా చెల్క ఉన్న జాగల ఇప్పుడు కాలనీ ఉన్నది. గుంటూరు, గోదావరి దిక్కు నుంచి వచ్చినోళ్లు, సిటీల ఉద్యోగాలోళ్లు అక్కడ ఇండ్లు కట్టుకున్నరు. మేము అమ్మినంక అమ్మ ఆ దిక్కు పోలే. ఇప్పుడు ఓటు కోసం పోయింది. ఒక ఇంటి గేటు కాడ ఆగి, "గీడ మా కందిచేను ఉండె" అన్నది. ఆ ఇంటామె నొచ్చుకుంటదేమోనని నేను భయపడ్డ. ఆమె మాత్రం, "అందుకేనా అండీ, మా పెరట్లో ఏం వేసినా విరగకాస్తుంది! రండి, చూద్దురుగాని" అని అమ్మను చెయ్యి పట్టుకొని ఎనక్కి తీసుకపోయింది. అక్కడ బెండ, గోరుచిక్కుడు, పందిరి మీద ఒక పెద్ద కాయ. "మా ఆనపకాయ చూశారా" అన్నదామె. "గిది సొరకాయ గదా" అన్నది అమ్మ. ఇద్దరూ ఆ కాయ పేరు మీద శానసేపు పంచాది పెట్టుకొని, ఆఖరికి అమ్మ చంకల ఆ కాయ పెట్టుకొని బయటికొచ్చింది. బయట బాపు, పార్టోళ్లు ఎండల నిలవడి చూస్తున్నరు. "ఓటేస్తరంటనా?" అని అడిగిండు బాపు. "అడుగుడు మరిచిపోయిన" అన్నది అమ్మ.

ప్రచారంల అసలు సంగతి ఎదురైంది అంగడి కాడ.

బస్టాండు పక్కన రోడ్డు మీద యాచారం దిక్కు పల్లెల నుంచి ఆడోళ్లు కూరగాయలు తెచ్చి అమ్ముతరు. తెల్లారకముందే బస్సులల్ల, ఆటోలల్ల గంపలేసుకొని వస్తరు, సాయంత్రం దాక కూసుంటరు. ఆ రోజు ఎండ మండిపోతుండె. అమ్మ ఒక ఆకుకూరలామె ముందట కూసొని, మా ఎంబడి తెచ్చుకున్న మజ్జిగ గిలాసల పోసి ఇచ్చింది. ఆమె వద్దన్నది. అమ్మ మళ్ల ఇచ్చింది.

"వద్దక్కా. తాగితే యాడికి పోవాలె?" అన్నదామె.

అమ్మకు సమజ్ కాలే. "యాడికి పోవుడేంది?"

ఆమె అటు ఇటు చూసి చెప్పింది. "గీ అంగట్ల ఆడోళ్లకు జాగెక్కడుంది అక్కా? పొద్దుగాల ఇంట్లకెళ్లి ఎల్లేటప్పుడే నీళ్లు బందు. మళ్ల ఇంటికి పోయినంకనే. వేరేటోళ్ల ఇండ్లల్ల అడుగుడంటే సిగ్గు. మొగోళ్లకేంది, గోడుంటే చాలు."

చుట్టుపక్కల కూసున్నోళ్లందరూ తలకాయలూపిండ్రు. ఒకామె నవ్వింది, నవ్వుకుంటనే చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అమ్మ ఆ మజ్జిగ గిలాస చేతుల పట్టుకొని అట్లనే కూసుంది. మా ఊర్ల పుట్టి పెరిగిన నేను, రోజూ ఆ రోడ్డు మీద కెళ్లి కంపెనీ బస్సుల పోయేదాన్ని, నాకు ఒక్కనాడు ఆ సోయి రాలే.

సాయంత్రం అమ్మ వంటింట్ల ఈ ముచ్చట చెప్తుంటే సిన్నమ్మ అన్నం వార్చి వచ్చి గడప కాడ నిలవడ్డది. "గదే మాట నాకు టీచరమ్మ చెప్పింది అక్కా" అన్నది. టీచరమ్మంటే కాలనీల ఉండే ఇంకొకామె, బస్సుల మీద బడికి పోయొస్తది. "'మేం బస్సు దిగి ఇంటికి పరుగెత్తుతామండీ, ఎవరితోనైనా మాట్లాడటానికి కూడా ఆగం' అన్నది. నాకు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది."

అమ్మ పక్కకు పీట జరిపింది. ఆ తర్వాత సిన్నమ్మ అన్నది, "అక్కా, నువ్వు గెల్వనీ, నేను గెల్వనీ. ఎవలు గెలిచినా అంగడి కాడ ఆడోళ్లకు బాత్రూం కట్టుడే ముందటి పని. ఏమంటవ్?"

"మైకుల చెప్దామా?" అన్నది అమ్మ.

"చెప్దాం. నువ్వు మీ మైకుల చెప్పు, నేను మా మైకుల చెప్త."

మర్నాడు చౌరస్తల మా మీటింగు. బాపు రాత్రి కూసొని అమ్మకు ఏం మాట్లాడాలెనో కాగితం మీద రాసిచ్చిండు. సీసీ రోడ్లు, మురికి కాలువలు, నాలుగు లైన్ల రోడ్డు, లైట్లు. అమ్మ మైకు ముందుకు పోయింది. కాగితం మడిచి బొడ్ల దోపుకుంది.

"నాకు మైకుల మాట్లాడుడు రాదు. ఒక్క మాట చెప్త. గీ బస్టాండు కాడ, గీ అంగడి కాడ ఆడోళ్లు పొద్దంత నీళ్లు తాగుతలేరు. ఎందుకో మొగోళ్లకు తెల్వదు, ఆడోళ్లకు చెప్పే పనిలేదు. నేను గెలిస్తే ముందు ఆడోళ్లకు బాత్రూం కట్టిస్త. రోడ్డు ఆ తర్వాత."

ముందు ఎవ్వరూ చప్పట్లు కొట్టలే. మొగోళ్లు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. తర్వాత కూరగాయల గంపల దిక్కు నుంచి ఒక ఈల వినవడ్డది. ఈల కొట్టింది ఆడిమనిషి! అంగడంతా నవ్వు. ఆ నవ్వులల్లనే చప్పట్లు మొదలైనయి, ఆగకుండ.

బాపు ఇంటికొచ్చి తల పట్టుకున్నడు. "గవి మైకుల చెప్పే మాటలా? ఇజ్జత్ తీసినవ్ గదనే. రేపు వాళ్లు మనల్ని చూసి నవ్వుతరు."

మర్నాడు వాళ్లు నవ్వలే. సిన్నమ్మ వాళ్ల పార్టీ మైకుల గదే మాట చెప్పింది, ఇంకింత గట్టిగ. సిన్నబాపు ఇంటికొచ్చి బర్రె కాడ నిలవడి, "మా మాట కాపీ కొట్టి కొందరు ఒకరోజు ముందుగాలనే చెప్పిండ్రు" అన్నడు. బాపు ఇవుతలి నుంచి, "కాపీ ఎవలు కొట్టిండ్రో లోకమెరుక" అన్నడు. నిన్నటిదాక ఇజ్జత్ పోయిందన్న మాటకు ఇప్పుడు ఇద్దరూ హక్కుదార్లయిండ్రు.

ఓట్ల లెక్కింపు ఒక ఇంజనీరింగ్ కాలేజీల పెట్టిండ్రు. ఆ నాడు నేను, అమ్మ గేటు కాడ నిలవడ్డం. పొద్దెక్కుతుంటే లోపటి నుంచి ఒక్కొక్క కబురు వస్తుండె. ఒకసారి అమ్మ ముందట, ఒకసారి సిన్నమ్మ ముందట. ఆఖరికి కొన్ని ఓట్లతోని సిన్నమ్మ గెలిచింది. సిన్నబాపు పార్టోళ్లు గులాల్ చల్లుకుంట, పటాకులు కాల్చుకుంట బయటికి ఉరికొచ్చిండ్రు. నేను అమ్మ దిక్కు చూసిన.

అమ్మ అక్కడ లేదు. డప్పుల నడుమ ఉన్నది.

సిన్నమ్మను గట్టిగ పట్టుకొని, ఆమె మొకానికి గులాల్ రాసి, ఇద్దరూ చేతులు పట్టుకొని ఎగురుతున్నరు. మా అమ్మ డాన్సు చేసుడు నేను అంతకు ముందు బతుకమ్మ కాడ తప్ప చూడలే. డప్పుకొట్టేటోళ్లు గూడ హుషారై దరువు మార్చిండ్రు. అవుతలి పార్టోళ్లకు ఏం చెయ్యాలెనో తెల్వలే. ఓడిపోయిన కాండిడేటు గెలిచినోళ్ల ఊరేగింపుల ముందట ఎగురుతుంటే కండువా కప్పాల్నా, ఆపాల్నా? ఒకాయన ధైర్యం చేసి, "అక్కా, మీరు ఓడిపోయిండ్రు" అన్నడు. "ఎరుకనే అన్నా, జర తప్పుకో" అన్నది అమ్మ.

బాపు దూరంల కాలేజీ గోడకు ఆనుకొని చూస్తున్నడు. నేను పోయి పక్కన నిలవడ్డ. జరసేపటికి, "మీ అమ్మ మంచిగనే ఎగురుతది" అన్నడు. ఆ మాటల కోపమే లేదు. ఇంటికొచ్చినంక మాత్రం, "ఏమే, నువ్వు ఓటు ఎవలకేసినవ్?" అని అడిగిండు. "ఓటు రహస్యం గదా" అని అమ్మ పప్పుకు పోపేసింది. ఆ రహస్యం ఇప్పటికీ బయటికి రాలే. బాపు ఎన్ని తీర్ల అడిగినా రాలే.

మొదటి కౌన్సిల్ మీటింగుకు సిన్నబాపు గంజి పెట్టిన తెల్లబట్టలేసుకొని, జేబుల పెన్ను పెట్టుకొని ముందుగాలనే తయారైండు. సిన్నమ్మ ఎంబడి లోపటికి పోయి పక్క కుర్చీల కూసున్నడట. ఆయన ఒక్కడే కాదు, ఆడ కౌన్సిలర్ల పెనిమిట్లు శానమంది ఉన్నరట. సిన్నమ్మ లేచి, "మేడం, ఓట్లేసింది మాకు. వీళ్లకు చాయ్ బయట ఇప్పించుండ్రి" అన్నదట. ఛైర్‌పర్సన్ గూడ ఆడామెనే. ఆమె పెనిమిటి గూడ లోపటనే ఉన్నడు. హాలంతా ఒక్కసారి గొల్లుమని నవ్వు. మొగోళ్లంతా పెన్నులతోని సహా లేచి బయటికొచ్చి వరండల చాయ్ తాగిండ్రు. ఆ చాయ్ మస్తుగుండెనని సిన్నబాపు ఇప్పటికీ అంటడు.

బాత్రూం మాట అందరూ ఒప్పుకున్నరు. జాగ కాడ చిక్కొచ్చింది.

మున్సిపాలిటీ ఇంజనీరు సారు టేపు పట్టుకొని అంగడి చుట్టూ తిరిగిండు. బస్టాండు లోపటి జాగ మున్సిపాలిటీది కాదు. రోడ్డు పక్కన కడితే రేపు రోడ్డు పెంచినప్పుడు పోతది. మురికి నీళ్ల లైను, మంచి నీళ్ల పైపు రెండూ అందే మున్సిపాలిటీ జాగ ఒక్కటే ఉంది. అంగడి ఎనక మూల. ఆ మూలల రెండు జెండా గద్దెలున్నయి. ఒకటి బాపు కట్టించింది, ఇంకొకటి సిన్నబాపు కట్టించింది. బాపు ముందుగాల కడితే, సిన్నబాపు నెల తిరగకముందే దాని పక్కన రంగు టైల్సేసి జర ఎత్తుగ కట్టించిండు. బాపు తన జెండా పోలు ఎత్తు పెంచిండు. సిన్నబాపు ఇంకింత పెంచిండు. ఆ రెండు గద్దెల నడుమ ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలవడలేరు. రెండూ తీస్తే గని కట్టడానికి జాగ రాదు.

ఆ సాయంత్రం వాకిట్ల బర్రెకు మస్తు పని పడ్డది.

"పదవిల ఉన్నోళ్లు ముందు తీస్తే లోకం మెచ్చుకుంటది" అన్నడు బాపు, బర్రె కొమ్ముల దిక్కు చూసుకుంట.

"ముందు కట్టినోళ్లు ముందు తియ్యాలె" అన్నడు సిన్నబాపు, దాని తోక దిక్కు నుంచి.

"ఒకటి తీసి ఒకటి ఉంచితే అదెక్కడి న్యాయం?"

"అవ్, గదే నేనంటున్న."

ఇద్దరూ ఒకటే మాట అంటున్నరని ఇద్దరికీ తెల్వలే. సిన్నమ్మ నడుముకు కొంగు దోపుకొని బయటికొచ్చింది. "మీరు బర్రెతోనే మాట్లాడుకోండ్రి. మేము పోతున్నం" అన్నది. అమ్మ కొట్టంల నుంచి రెండు గడ్డపారలు తీసింది.

మర్నాడు పొద్దుగాల ఇద్దరూ అంగడి మూలకు పోయిండ్రు. ఎంబడి నేను. కూరగాయల ఆడోళ్లు గంపలు దింపి వచ్చిండ్రు. ముందు ఎవలది పొడవాలెనని మాటొస్తే, అమ్మ సిన్నబాపు గద్దె కాడ, సిన్నమ్మ బాపు గద్దె కాడ నిలవడ్డరు. ఒకరి ఇంటిది ఒకరు తీస్తే పేచీ లేదు. గడ్డపార దెబ్బలు మొదలైనయి. ఎవరో ఫోన్ చేసినట్టున్నరు. జరసేపటికే రెండు బైకులు రెండు దిక్కుల నుంచి ఉరికొచ్చినయి.

ఇద్దరూ కొట్లాటకు దిగుతరనుకున్న నేను. బాపు దిగంగనే, "ఆగుండ్రి, గట్ల మొదలు కాడ పొడిస్తే పోలు మీద పడతది!" అని ఒర్రిండు. అది ఆయన పోలు కాదు, సిన్నబాపుది. అమ్మ చేతుల నుంచి గడ్డపార గుంజుకున్నడు. సిన్నబాపు ఉరికి వచ్చి పోలు నడుమల గట్టిగ పట్టుకున్నడు. ఒకరు మట్టి తవ్వుతున్నరు, ఒకరు పోలు ఆపుతున్నరు. పోలు ఒక దిక్కు ఒరగబడితే బాపు గడ్డపార ఇడిచిపెట్టి తనూ పట్టిండు.

"అన్నా, జర ఎడమకు!" అన్నడు సిన్నబాపు.

"ఆఁ, పట్టినరా, నువ్వు ఇడువకు!" అన్నడు బాపు.

ఇద్దరూ ఆ పోలును మెల్లగ కింద పండబెట్టి, చేతులు దులుపుకొని, అప్పుడు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. ఏం జరిగిందో ఇద్దరికీ అప్పుడే తట్టినట్టుంది. ఆకుకూరలామె ఎనక నుంచి, "మాట్లాడిండ్రు! మాట్లాడిండ్రు!" అని ఒర్రింది. ఇంగ నవ్వులే నవ్వులు. సిన్నబాపు మొకం ఎర్రగైంది. బాపు కండువాతోని కండ్లు తుడుచుకొని, దుమ్ము పడ్డదన్నడు. ఆ తర్వాత బాపు గద్దె గూడ ఇద్దరూ కలిసే తీసిండ్రు. జెండాలు మడత పెట్టేటప్పుడు మాత్రం ఎవల జెండా వాళ్లే మడిచిండ్రు. ఆ రెండు పోళ్లూ తర్వాత రోడ్డుకు అవుతలి దిక్కు పాతిండ్రు. ఒకటి రెండోదాని కంటే పొడుగు గాకుండ నిలవెట్టే పని నాకే పెట్టిండ్రు.

కట్టుడు వానాకాలంల మొదలై, శ్రావణం ఎల్లిపోయేటప్పటికి అయిపోయింది. గోడలకు గులాబి రంగు, పైన నీళ్ల ట్యాంకు, లోపట అద్దం. అద్దం పెట్టాలెనని పట్టుబట్టింది సిన్నమ్మనే. "పొద్దంత ఎండల కూసున్నోళ్లు ఒక్కసారి మొకం చూసుకోవద్దా?" అన్నది. ప్రారంభం నాడు మామిడాకులు కట్టిండ్రు, షామియానా వేసిండ్రు. గుమ్మానికి అడ్డంగ ఎర్ర రిబ్బను. కత్తెర పళ్లెంల పెట్టి ఉన్నది. రిబ్బను కత్తిరించనీకి పెద్ద లీడరొకాయన సిటీ నుంచి రావాలె. ఆయన కారు ట్రాఫిక్‌ల చిక్కిందన్నరు. మైకుల పాటలు పెట్టిండ్రు. కుర్చీలల్ల అందరూ కూసొని ఎదురుచూస్తున్నరు. కాలనీల టీచరమ్మ బడికి సెలవు పెట్టి వచ్చింది. సొరకాయ ఇచ్చినామె గూడ వచ్చింది.

ఎంతసేపైనా కారు రాలే. మళ్ల ఫోన్ చేస్తే ఇంకా దారిలనే ఉన్నమన్నరు. ఆకుకూరలామె అమ్మ కాడికి వచ్చి చెవుల ఏదో చెప్పింది. అమ్మ సిన్నమ్మ దిక్కు చూసింది. సిన్నమ్మ కౌన్సిలరు గదా, కుర్చీల నుంచి లేచి రిబ్బను కాడికి పోయి దాన్ని చేత్తోని పైకెత్తి పట్టింది. "నువ్వు పో అక్కా. గది నీ కోసం కట్టిందే" అన్నది.

ఆమె తల వంచి రిబ్బను కిందికెళ్లి లోపటికి పోయింది. ఆమె ఎనక ఇంకొకామె. ఆమె ఎనక ఇంకొకామె. టీచరమ్మ నవ్వుకుంట, "క్షమించండి, నేను కూడా" అని చెప్పులు చేత పట్టుకొని పోయింది. కుర్చీలల్ల మొగోళ్లు ఏం చెయ్యాలెనో తెల్వక ఆకాశం దిక్కు, పాటల డబ్బా దిక్కు చూసిండ్రు. సిన్నబాపు లేచి నిలవడి చప్పట్లు కొట్టిండు. బాపు లేచిండు. ఇంగ అందరూ.

లీడరు కారు దిగే సరికి బాత్రూం ముందట ఆడోళ్ల లైను కట్టి ఉన్నది. ఆయన మంచోడే పాపం. కత్తెర పట్టుకొని జరసేపు ఆ లైను చూసి, "ఇంగ నేను చేసేదేముంది తల్లీ?" అన్నడు. "కొబ్బరికాయ ఉంది సార్, అది కొట్టుండ్రి" అన్నది అమ్మ. ఆయన నవ్వి, కొబ్బరికాయ కొట్టిండు. రిబ్బను ఆ పొద్దంత గుమ్మానికి అట్లనే వేలాడింది. వచ్చేటోళ్లు పైకెత్తుకుంట లోపటికి పోయిండ్రు.

షామియానా ఇప్పుతున్నప్పుడు మేము ఐదుగురం ఒకటే ఆటోల ఇంటికి బయలెల్లినం. అమ్మ, సిన్నమ్మ, నేను ఎనక సీట్ల. బాపు, సిన్నబాపు డ్రైవరుకు ఇటొకరు అటొకరు. వినాయక చవితి దగ్గర పడ్డది. రోడ్డు పక్కన మండపాలకు కట్టెలు పాతుతున్నరు. వాటిని చూసి సిన్నబాపు, "అన్నా, నిమజ్జనం నాడు బాలాపూర్ల లడ్డు వేలం చూడ పోదామా? చిన్నప్పుడు నువ్వు నన్ను భుజాల మీద ఎక్కించుకునేటోడివి, ఏ మేళమొచ్చినా" అన్నడు.

"ఇప్పుడు గూడ ఎక్కిచ్చుకోవాల్నా?" అన్నడు బాపు.

ఎనక నుంచి సిన్నమ్మ, "మేం గూడ వస్తం. ముందట మాకు జాగ పట్టాలె, కౌన్సిలరంటే అంత అల్కగున్నదా?" అన్నది. ఆటో డ్రైవరు నవ్వాపుకోలేక బ్రేకేసిండు. నిమజ్జనం నాడు పొద్దుగాలనే అందరం బాలాపూర్ పోయినం. అంత మందిల లడ్డు మాకు కండ్లకు గూడ కనవడలే గని, డప్పుల కాడ మాత్రం అమ్మ, సిన్నమ్మ ఇద్దరికీ ముందటనే జాగ దొరికింది.